అరుగు మీది వైద్యం

మగపిల్లవాడు పుట్టాడని వాడంతా చక్కెర పంచిన ఆ ఇంట్లో, మగతనం ఉండాల్సిన చోట ఉందో లేదో చూసిన మనిషి యాదమ్మ ఒక్కతే. అదీ కావాలని చూసింది కాదు. మనవడికి ఒళ్ళు తోమి నీళ్ళు పోసే పని నాయనమ్మది. కాళ్ళు బారచాపి, పసివాణ్ణి వాటి మీద పడుకోబెట్టి, నువ్వుల నూనె పట్టించి వెల్లకిలా తిప్పేసరికి కనబడింది. సంచి ఉంది. లోపల ఏమీ లేదు. సంతకు పోయి ఏమీ కొనకుండా మడత పెట్టుకొచ్చిన గుడ్డసంచిలా ఒంటికి అంటుకుని ఉంది.

"ఓ భిక్షపతీ, పిలగాని కాయలు కిందికి దిగలేవురా" అని మగ్గం గుంటలో కూర్చున్న కొడుకును కేకేసి చెప్పింది.

భిక్షపతి పడుగు మధ్య నాడె విసరడం ఆపలేదు. సొంత కొడుకు ఒంటి సంగతి చెవిన పడడమే ఒక తప్పన్నట్టు తల ఇంకా కిందికి దించుకున్నాడు.

"చిన్నాయినకు చెప్పరాదే" అన్నాడు.

కేతేపల్లికి దగ్గరలోని ఆ సాలెవాడలో, ఆ ఇంట్లో, ఏ సంగతైనా చివరికి చిన్నాయిన దగ్గరికే పోవాలి. చిన్నాయిన అంటే వెంకటనర్సు, యాదమ్మ మరిది. అన్న సీతారాములు చనిపోయినప్పటి నుంచి ఇంటికి పెద్ద ఆయనే. చేనేత సంఘంలో డైరెక్టరు. వాడలో తగువు వస్తే తీర్పు ఆయనది, పెళ్ళి కుదిరితే ముహూర్తం ఆయనది. మీసాలకు పొద్దున్నే కొబ్బరినూనె రాసి రెండు వైపులా పైకి దువ్వేవాడు. వెంకటనర్సు వీధి మలుపు తిరిగితే ముందు మీసాలు వచ్చేవి, ఆయన తర్వాత వచ్చేవాడు.

అంతటి మగవాడికి పిల్లలు లేరు. అది ఆయన తప్పు కాదని వాడలో అందరికీ తెలుసు, ఎందుకంటే ఆయనే చెప్పాడు. మొదటి పెళ్ళాన్ని గొడ్రాలని పుట్టింటికి పంపేశాడు. అన్నదమ్ములు ఆమెకు నకిరేకల్‌లో మారుమనువు చేస్తే, అక్కడ ఆమె ముగ్గురిని కన్నది. ఆ కబురు వచ్చినప్పుడు వెంకటనర్సు ఏమీ తడబడలేదు. "నకిరేకల్ నీళ్లు గసువంటియి" అన్నాడు. ఆ నీళ్ళు ఒక బిందెడు తెప్పించుకుని తాను తాగి చూద్దామని మాత్రం ఆయనకు తట్టలేదు.

రెండో పెళ్ళాం ఆండాళు. ఆమె మెడలోనూ రెట్టలకూ కలిపి ఉన్నన్ని తాయెత్తులు ఆ చుట్టుపక్కల ఎవరికీ లేవు. ఆమె తాగని కషాయం లేదు. సూర్యాపేట డాక్టరమ్మ రెండుసార్లు ఆమె కడుపు కడిగింది. మూడోసారి పోతే "ఈసారి నీ భర్తను తీసుకురా" అన్నది. ఆ మాట ఇంటికొచ్చి చెబితే వెంకటనర్సు మీసం ఒక్కసారి దువ్వుకుని, "గా డాక్టరమ్మకు సదువు సరిగ్గ రాదు" అని తేల్చేశాడు. ఆ రోజు నుంచి డాక్టర్లు బంద్, దర్గాలు చాలు.

మనవడి సంగతి ఈయన దగ్గరికి చేరింది. పసివాడి వైపు చూడకుండానే రోగమూ చెప్పాడు, మందూ చెప్పాడు.

"మొగపిలగాడు దుంకాలె, ఎగరాలె. నడకచ్చినంక అరుగు మీదికెళ్లి దుంకించుండ్రి. అవే దిగుతయి."

చింతచెట్టును ఊపితే కాయలు రాలతాయి కదా, అదే లెక్క.

దర్గా మొక్కు మీద పుట్టాడని పిల్లవాడికి సైదులు అని పేరు పెట్టారు. నడక వచ్చిన నాటి నుంచి సైదులుకు రోజూ పొద్దున అరుగు మీది నుంచి దూకుడు కార్యక్రమం. భిక్షపతి చెయ్యి పట్టుకుని ఎక్కించేవాడు, వెంకటనర్సు బీడీ కాలుస్తూ "ఆఁ, దుంకు" అనేవాడు. వాడు దూకేవాడు. నాలుగేళ్ళు వచ్చేసరికి రెండుసార్లు చీలమండ బెణికింది, ఒకసారి పెదవి చిట్లి రక్తం కారింది. దిగాల్సినవి మాత్రం దిగలేదు. దిగాయో లేదో చూసే పని యాదమ్మదే. స్నానం పోసేటప్పుడు చూసేది, నిట్టూర్చేది, చెప్పేది. "ఇంకో మెట్టు పైకెళ్లి దుంకించుండ్రి" అనేవాడు వెంకటనర్సు.

అట్లాంటి రోజుల్లో పక్కింట్లో సున్తీ దావతు జరిగింది.

పక్కింటి లాడ్లీ బేగం, సైకిళ్ళు బాగుచేసే అహ్మద్ అలీ భార్య. రెండిళ్ళకూ మధ్య మొల ఎత్తు గోడ. కూర గిన్నెలూ కబుర్లూ దాని మీది నుంచే దాటుతాయి. వాళ్ళ కొడుకు ఖుద్దూస్‌కు అయిదేళ్ళు నిండాయని, మెడలో పూలదండ వేసి, కొత్త టోపీ పెట్టి, పీట మీద కూర్చోబెట్టారు. మామలూ బాబాయిలూ చుట్టూ మూగారు. యాదమ్మ ఆడవాళ్ళ వైపు కూర్చుని బగారన్నం తింటోంది. లోపల ఒక్కసారిగా సద్దుమణిగింది. సున్తీ చేసే ముసలాయన పిల్లవాణ్ణి తడిమి, "అహ్మద్ అలీ, మీ పిలగానికి ఒక దిక్కు ఖాళీగున్నది. ముందుగాల దవాఖానల చూపియ్యి. సున్తీ ఏడికి పోదు" అని కత్తి సంచిలో పెట్టేసుకున్నాడు.

చుట్టూ ఉన్న మగవాళ్ళందరూ వంగి చూశారు. మగవాళ్ళు అట్లాంటివి చూస్తే కళ్ళు పేలిపోతాయని వెంకటనర్సు ఎప్పుడూ అనేవాడు. ఎవరి కళ్ళూ పేలలేదు. వండిన అన్నం అందరూ తిన్నారు, మర్నాడే అహ్మద్ అలీ కొడుకును నల్లగొండ దవాఖానకు తీసుకుపోయాడు.

పదిహేను రోజులకు ఖుద్దూస్ పాత టైరును కర్రతో కొట్టుకుంటూ వీధిలో పరుగెత్తుతుంటే యాదమ్మ గోడ దగ్గరికి పోయింది.

"ఏం జేసిన్రు లాడ్లీ వానికి?"

"ఒకటి మీద పొట్ట కాడనే ఆగిందంట యాదమ్మక్కా. డాక్టర్ సాబ్ దాన్ని కిందికి దించి కుట్టిండు. గంతే."

"దించకపోతే ఏమైతదంట?"

లాడ్లీ బేగం గొంతు తగ్గించింది. "లోపలి ఉడుకుకు చెడిపోతదంట. పెద్దగైనంక పిల్లలు పుట్టరంట. ఒక్కోనికి గా జాగల గడ్డ గూడ అయితదంట. పాణం మీదికొస్తదంట అక్కా. ఎంత చిన్నగున్నప్పుడు చేపిస్తే గంత మంచిదన్నడు. మాదే ఆలస్యమైందని కోపం జేసిండు."

యాదమ్మ తమ అరుగు వైపు తిరిగి చూసింది. సైదులు అప్పుడే అరుగు ఎక్కుతున్నాడు, ఎవరూ చెప్పకపోయినా. అలవాటైపోయింది వాడికి.

ఆ సాయంత్రమే ఇంట్లో చెప్పింది. పిల్లవాణ్ణి నల్లగొండ తీసుకుపోదాం, ఆపరేషన్ చేయిద్దాం అన్నది.

ఆపరేషన్ అన్న మాట ఆ ఇంట్లో అనకూడదు. అందులోనూ ఆ చోట ఆపరేషన్. ఎమర్జెన్సీ రోజుల్లో యాదమ్మ మొగుడు సీతారాములు నూలు కొనడానికి పోయి, బస్టాండు దగ్గర సర్కారు మనుషులు జీపులో ఎక్కించుకుపోతే, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకుని, వాళ్ళు బహుమతిగా ఇచ్చిన ఒక ఎర్ర ప్లాస్టిక్ బకెట్ చేత పట్టుకుని తిరిగొచ్చాడు. ఆ తర్వాత అయిదేళ్ళకు పూటుగా సారా తాగి, చీకట్లో దారి తప్పి, బావిలో పడి చనిపోయాడు. ఇంట్లో మగవాళ్ళ లెక్కలో మాత్రం ఆయనను చంపింది ఆపరేషనే. సారాకు ఆ పాపంలో వాటా లేదు. ఆయన పోయినా బకెట్ బాగానే ఉంది. సైదులుకు రోజూ నీళ్ళు పోసేది దానితోనే.

"అన్నను తీస్కపోయి గట్లనే చేసిన్రు" అన్నాడు వెంకటనర్సు. "ఇప్పుడు పిలగాన్ని గూడ ఇయ్యాల్నా సర్కారుకు? మన వంశం ఆగం గావాల్నా?"

"గది పిల్లలు పుట్టకుంట చేసేది. గిది పుట్టెటట్టు చేసేది నర్సయ్యా."

"రెండూ గాడనే గద కోసుడు!"

"మరి ఖుద్దూస్‌కు?"

"గది సాయిబుల రోగం. సున్తీలు చేస్తరు గాబట్టి వాళ్లకు అస్తది. మనకేడిది?"

సున్తీ చేయకముందే రోగం దొరికింది కదా అని యాదమ్మ అడిగింది. వెంకటనర్సుకు ఆ ప్రశ్న వినబడలేదు. ఆయన చెవులు అవసరాన్ని బట్టి పనిచేసేవి. భిక్షపతి, "చిన్నాయిన అద్దంటుండు గదనే" అని మళ్ళీ మగ్గం గుంటలోకి దిగాడు. కోడలు కళ్ళు తుడుచుకుంది. ఆమె మాట అడిగినవాళ్ళు ఎప్పుడూ లేరు, ఆ రోజూ అడగలేదు.

యాదమ్మ వదల్లేదు. పొద్దున లేస్తే అదే మాట, అన్నం వడ్డిస్తూ అదే మాట. చివరికి విసిగిపోయి వెంకటనర్సు వాడ పెద్దమనుషులను పిలిపించాడు. ఆడదాని నోరు మూయించడానికి ఇంట్లో మగవాళ్ళు చాలకపోతే బయటి నుంచి అరువు తెచ్చుకోవాలి కదా.

పెద్దమనుషులు ఆదివారం మధ్యాహ్నం వచ్చి అరుగు మీద చాప వేయించుకుని కూర్చున్నారు. చాయ్ తాగారు. విషయం ఏమిటో అందరికీ తెలుసు, నోటితో అనడానికి మాత్రం ఎవరికీ ధైర్యం లేదు. "గా ముచ్చట" అన్నాడు ఒకాయన. "గా సంగతి" అన్నాడు ఇంకొకాయన. "గా కింది విషయం" దాకా వచ్చి మూడో ఆయన దగ్గి ఆగిపోయాడు. ఆ విషయం ఎదురుగానే చొక్కా ఒక్కటే వేసుకుని మన్నులో ఆడుకుంటోంది. నలుగురూ ఆకాశం వైపు చూస్తూ తీర్పు ఆలోచిస్తున్నారు.

"ఒక్కపారి పిలగాన్ని చూడుండ్రి, చూసి చెప్పుండ్రి" అన్నది యాదమ్మ.

"ఛీ ఛీ! గవి ఎట్ల చూస్తం యాదమ్మా?" అన్నాడు పెద్దాయన. "చూడకుంటనే చెప్తం."

చూడకుండానే చెప్పారు. పిల్లవాడికి ఈడు వచ్చేసరికి దేవుడే అన్నీ సరిచేస్తాడనీ, ఆపరేషన్ అంటే రేపు పిల్లనిచ్చేవాళ్ళు వెనుకాడతారనీ, ఆడవాళ్ళు ఇట్లాంటి వాటిలో తల దూర్చకూడదనీ. వెంకటనర్సు మీసం దువ్వుకున్నాడు.

"ఇన్నవా వదినె? ఇగ గీ ముచ్చట బంద్. మొగోళ్ల సంగతి ఆడోళ్లకేం ఎరుక?"

యాదమ్మ ఇంతసేపూ గుమ్మానికి ఆనుకుని నిలబడి ఉంది. ఆ మాటకు వచ్చి అరుగు అంచున కూర్చుంది. లోపల ఆండాళు కండెలు చుడుతున్న రాట్నం చప్పుడు వినబడుతోంది.

"నర్సయ్యా, నేను గీ ఇంటికి కోడలుగ వచ్చిన్నాడు నీకు ఎన్నేండ్లు?"

పోలీసు చర్యకు ముందటి ఏడు సంగతి అది. వెంకటనర్సుకు ఎక్కడికి పోతోందో అర్థం కాలేదు. మెత్తబడ్డాడు.

"నాకప్పుడు నడకే రాదు గద వదినె. అమ్మ మంచం పట్టె. నువ్వే పెంచినవ్. తల్లి లెక్క నువ్వు నాకు." పెద్దమనుషుల వైపు తిరిగి, "తల్లి లెక్కనే సూడున్రి" అన్నాడు.

"నీకు తానం పోసింది ఎవలు?"

"నువ్వే."

"ఎన్నేండ్లు పోసిన?"

"నేను బడికి పోయేదాక పోస్తివి."

"మరి గన్నేండ్లు పోసినదాన్ని. పిలగానికున్నది గాక ఇంకెవలకన్న గట్లనే ఉంటే నాకు ఎరుకనే ఉంటది గద?"

రాట్నం చప్పుడు ఆగిపోయింది.

వెంకటనర్సు చెయ్యి మీసం మీద సగం దారిలో నిలిచిపోయింది. అంతసేపూ ఆకాశం చూస్తున్న పెద్దమనుషులు నలుగురూ ఒక్కసారిగా చూపు కిందికి దించి, యాదమ్మ నోటి వైపు చూశారు.

"ఎవలకు యాదమ్మా?" అన్నాడు పెద్దాయన. 'గవి ఎట్ల చూస్తం' అన్న మనిషి ముందుకు జరిగి కూర్చున్నాడు. "ఎరుకుంటే చెప్పు, తీర్పుకు పనికొస్తది."

"చెప్పాల్నా నర్సయ్యా? తల్లి లెక్కనన్నవు గద. తల్లి చూసింది చెప్పాల్నా?"

వెంకటనర్సు తుండుగుడ్డతో ముఖం తుడుచుకున్నాడు. లేచి నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు.

"రేపు పొద్దుగాల బస్సుకు పిలగాన్ని తీస్కోని నల్లగొండ పోదాం. నేను గూడ అస్త. పిలగాని పాణం కంటె ఎక్కువనా మనకు? ఇగ మీరు పోండ్రి అన్నా, చాయ్ తాగిన్రు గద."

పెద్దమనుషులు చాలాసేపటి వరకు కదల్లేదు. తీర్పు తారుమారైనందుకు కాదు, అసలు సంగతి వినకుండా పోవాల్సి వచ్చినందుకు. వాళ్ళు పోయాక ఆండాళు గుమ్మంలోకి వచ్చింది. యాదమ్మ ముఖంలోకి చాలాసేపు చూసింది. యాదమ్మ తల దించుకోలేదు.

"నేను గూడ అస్త అక్కా" అన్నది ఆండాళు.

నల్లగొండ దవాఖానలో డాక్టరు కుర్రవాడు. సైదులును బల్ల మీద పడుకోబెట్టి గజ్జల్లో వేళ్ళతో మెల్లగా ఒత్తి చూశాడు. వాడికి చక్కిలిగింతలు పుట్టి నవ్వాడు.

"రెండూ దారిలోనే ఆగిపోయినయి. ఇక్కడ తగులుతున్నయి" అన్నాడు. "ఏడాదిలోపల వాటంతట అవే దిగాలి. దిగకపోతే రెండేళ్ళ లోపల తీసుకురావాలి. ఇన్నాళ్ళు ఏం చేసిన్రు?"

భిక్షపతి చిన్నాయిన వైపు చూశాడు. యాదమ్మే చెప్పింది. "అరుగు మీదికెళ్లి దుంకించినం సారూ."

డాక్టరు చేతిలోని పెన్ను పక్కన పెట్టాడు. తర్వాత కోప్పడకుండా విడమరిచి చెప్పాడు. బీజాలకు ఒంటి వేడి పడదు, అందుకే దేవుడు వాటిని బయట సంచిలో పెట్టాడు. లోపలే ఉంటే ఏడాదికింత చెడిపోతాయి. మగవాడిలా మీసాలు వస్తాయి, గొంతు మారుతుంది, అందుకే ఎవరికీ అనుమానం రాదు. పిల్లలు మాత్రం పుట్టకపోవచ్చు. నడి వయసులో అక్కడ గడ్డ లేవవచ్చు. ఇప్పుడు దించి కుట్టినా, పెద్దవాడయ్యాక అప్పుడప్పుడు చేత్తో తడిమి చూసుకుంటూ ఉండమని వాడికి చెప్పాలి. ఆలస్యమైంది, కానీ చేయి దాటలేదు.

"ఇట్లా మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉన్నదా?" అని అడిగాడు.

వెంకటనర్సు పైనున్న ఫ్యాను వైపు చూస్తున్నాడు. అది తిరగడం లేదు.

పెళ్ళయిన నాటి నుంచి నలుగురిలో గొంతెత్తని ఆండాళు ముందుకొచ్చి, మొగుణ్ణి వెనక నుంచి మోచేత్తో ముందుకు నెట్టింది.

"సారూ, గీ పిలగాన్ని గూడ చూడుండ్రి."

నలభై దాటిన ఆ పిలగాడు, మీసాలతో సహా, తెర వెనక్కి పోయాడు. తెర ఇవతలికి మాటలు వినబడుతున్నాయి.

"పిల్లలు ఎంతమంది?"

"లేరు సారూ."

"పెళ్ళిళ్ళు?"

"రెండు."

"పరీక్షలు చేయించిన్రా?"

"ఇద్దరికీ చేపిచ్చిన సారూ. మస్తు చేపిచ్చిన."

"మీకు?"

ఆ ప్రశ్నకు చిన్న దగ్గు వినబడింది. కాసేపటికి డాక్టరు గొంతు మారింది. "ఈ ఎడమ వైపు గట్టిగా ఉన్నది ఎన్నాళ్ళ నుంచి?"

"ఏడాదాయె. మగ్గం మీద కూసుంటే నరం పట్టిందనుకున్న."

తెర తీసి బయటికి వచ్చినప్పుడు డాక్టరు ముఖంలో నవ్వు లేదు. హైదరాబాదుకు చీటీ రాసి ఇచ్చాడు. వారం కూడా ఆగవద్దన్నాడు. గడ్డ చెడ్డదే కావచ్చు, కానీ ఈ జాతి గడ్డలు చాలావరకు కోతకూ కరెంటు పెట్టడానికీ లొంగుతాయి, భయపడి ఇంట్లో కూర్చుంటేనే మనిషి దక్కడు అన్నాడు. వెంకటనర్సు ఆ చీటీని రెండు చేతులతో పట్టుకున్నాడు. మీసాలు ఎప్పుడు కిందికి దిగాయో ఎవరూ గమనించలేదు.

"వదినె" అన్నాడు వరండాలోకి వచ్చాక. "నీకు ఎరుకనే ఉండె గద. అప్పుడే ఎందుకు చెప్పలే?"

"నాకేం ఎరుక నర్సయ్యా? పదేండ్ల పిల్లను. పిలగాండ్లు గట్లనే ఉంటరేమో అనుకున్న. మన ఇంట్ల అడిగితే చెప్పెటోళ్లు ఎవలున్నరు? నిన్న మొన్న నేను అడిగితే నువ్వేం చెప్పినవ్?"

ఆయన చీటీని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

సైదులుకు రెండు రోజుల తర్వాత ఆపరేషన్ జరిగింది. మర్నాడు పొద్దున కట్టుతో మంచం మీద పడుకుని, పక్క మంచాల వాళ్ళందరికీ తన కట్టు చూపించి మురిసిపోతున్నాడు. అదే పొద్దున వెంకటనర్సు, ఆండాళు హైదరాబాదు బస్సెక్కబోతూ వాణ్ణి చూసిపోవడానికి వార్డులోకి వచ్చారు.

పోయే ముందు ఆండాళు మంచం అంచున కూర్చుని, తన మెడలోని తాయెత్తులు విప్పింది. రెట్టలవీ విప్పింది. ఒక్కొక్కటే మొగుడి చేతికి కట్టడం మొదలుపెట్టింది. దారం చాల్లేదు, రెండు దారాలు కలిపి ముడేసింది.

"ఏందే గిది, అందరు చూస్తున్నరు" అన్నాడు వెంకటనర్సు నీరసంగా.

"చూడనియ్యి. పన్నెండేండ్లు నన్ను చూసిన్రు గద" అన్నది ఆండాళు. "కట్టినోళ్లది తప్పు లేదు. మనిషినే తప్పు చూసి కట్టిన్రు." ఇంకో ముడి గట్టిగా బిగించింది. కళ్ళు మాత్రం తడిగా ఉన్నాయి. "డాక్టరు చెప్పింది మొత్తం చేపిచ్చుకుందాం. తాయెత్తు గూడ ఉండనియ్యి. నేను ఇన్నేండ్లు మోసిన గద, నాల్గు దినాలు నువ్వు మొయ్యి."

సైదులు అంతా చూస్తున్నాడు. వాడి గొంతు వార్డు ఆ చివరి దాకా వినబడుతుంది.

"అవ్వా, చిన్నతాతకు గూడ దిగలేవా?"

పక్క మంచాల వాళ్ళందరూ ఇటు తిరిగారు. యాదమ్మ మనవడి తల నిమిరింది.

"దిగలే బిడ్డా."

సైదులు కాసేపు ఆలోచించాడు. చిన్నతాత మీద జాలి పడ్డాడు.

"మరి అరుగు మీదికెళ్లి దుంకుమను" అన్నాడు.